చారిత్రక సినిమాలో నిజమెంత, కల్పన ఎంత? ఓరుగల్లు ప్రేక్షకుడు తేల్చుకునే పద్ధతి

మీరు అడిగింది ఇది. రుద్రమదేవి మీద 2015లో వచ్చిన సినిమాను ఇంటిల్లిపాదీ టీవీలో చూశారు. సగం మంది "ఇదే మన చరిత్ర" అన్నారు, సగం మంది "అంతా కల్పితం" అని కొట్టిపారేశారు. మీరు రెండు తప్పులు ఎత్తి చూపితే "సినిమాను సినిమాలాగా చూడు" అన్నారు. హన్మకొండలో ఉంటూ, చుట్టూ ఇన్ని శాసనాలు పెట్టుకుని, మామూలు మనిషి నిజానిజాలు ఎట్లా తేల్చుకోవాలని మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. ఆ కథకు ఎముకల గూడు నిజం. గణపతిదేవుని కూతురు రుద్రమ రాజ్యమేలింది. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు ఆమె భర్త. దేవగిరి యాదవులతో యుద్ధం జరిగింది. మిగతాదాంట్లో చాలా భాగం కాకతీయులు పోయిన రెండు వందల ఏళ్ళకు రాసిన చరిత్ర కథల నుంచి, ఇరవయ్యో శతాబ్దపు నవల నుంచి వచ్చింది. కొంత సినిమావాళ్ళు తమ అవసరానికి అల్లుకున్నది. అందుకని "ఈ సినిమా నిజమా?" అని అడిగితే ఎప్పటికీ తెగదు. ఒక్కో సీను పట్టుకుని "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగాలి. అట్లా అడిగితే సగం గొడవలు అక్కడికక్కడే తేలిపోతాయి.

ఎక్కడి నుంచి అంటే నాలుగు చోట్ల నుంచి. ఆ కాలంలోనే చెక్కిన శాసనాలు, నాణేలు, కట్టడాలు మొదటివి. బయటివాళ్ళు ఆ రోజుల్లో రాసుకున్నవి రెండోవి: ఇటలీ యాత్రికుడు మార్కో పోలో, ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో లాంటివాళ్ళవి. ఏకామ్రనాథుని ప్రతాపచరిత్ర, కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్ర లాంటి తర్వాతి కాలపు గ్రంథాలు మూడోవి. నవలలు, నాటకాలు, సినిమాలు నాలుగోవి. మొదటిది ఒప్పుకున్నదాన్ని నాలుగోది కాదంటే మొదటిదే నెగ్గుతుంది. అయితే మొదటిదాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఎందుకో యాదవుల యుద్ధం దగ్గర చెప్తాను.

ముందు గోన గన్నారెడ్డి సంగతి. మన దిక్కు థియేటర్లలో ఎక్కువ ఈలలు పడ్డది ఆ పాత్రకే. తెలంగాణ యాసలో మాట్లాడే గజదొంగ, పైకి శత్రువు, లోపల రుద్రమ పక్షం. ఈ వేషం తెలుగువాళ్ళకు అడవి బాపిరాజు నవలతోనే పరిచయం. శాసనాల్లో ఉన్న గోనవారు వేరు. వాళ్ళు పాలమూరు వైపు వర్ధమానపురం, అంటే నేటి నంది వడ్డెమాన్, కేంద్రంగా ఏలిన సామంతులు. రంగనాథ రామాయణం చెప్పిన గోన బుద్ధారెడ్డిది అదే వంశం. గన్నారెడ్డి పేరు గట్టిగా కనబడేది రాయచూరు కోటలో. అక్కడ గోడలో దాదాపు 41 అడుగుల పొడవున్న ఒకే రాతి మీద 1294 నాటి శాసనం ఉంది. గన్నారెడ్డి మంత్రి విఠలుడు ఆ కోట కట్టించిన సంగతి అందులో ఉంది. ఆ రాయిని బండి మీద పశువులతో లాగించుకొచ్చిన బొమ్మను కూడా చెక్కించారు. ఆ బొమ్మ చూసినవాళ్ళకు సినిమాలో ఏ యుద్ధం సీనూ అంత పెద్దగా అనిపించదు.

ఇప్పుడు తేదీ చూడండి. రుద్రమ చనిపోయింది 1289లో. గన్నారెడ్డి పేరు గట్టిగా దొరుకుతున్నది 1294లో, ప్రతాపరుద్రుని ఏలుబడిలో. రుద్రమ పట్టాభిషేకం 1262 ప్రాంతంలో. నడుమ ముప్పై ఏళ్ళకు పైగా తేడా. రుద్రమ పడుచు వయసులో ఆమె కోసం కత్తి దూసిన వీరుడుగా గన్నారెడ్డిని నిలబెట్టడానికి శాసనాల ఆసరా లేదు. అట్లాగని గన్నారెడ్డే లేడనడం కూడా తప్పు. మనిషి ఉన్నాడు, కాకతీయుల పక్షాన పెద్ద నాయకుడు. దొంగతనం, ప్రేమకథ, పట్టాభిషేకం నాటి సాహసాలు నవల ఇచ్చినవి.

యాస గురించి కూడా అడిగారు. "13వ శతాబ్దంలో ఈ యాస ఎక్కడిది?" అని కొందరు వెక్కిరించారు. ఆ మాటకొస్తే మిగతా పాత్రలు మాట్లాడిన గ్రాంథికం కూడా 13వ శతాబ్దపు నోటిమాట కాదు, అది మన పౌరాణిక నాటకాల భాష. రెండూ నేటి రచయితలు ఎంచుకున్నవే. ఒకదాన్ని ఒప్పుకుని రెండోదాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. ఓరుగల్లు రాజ్యం కథలో ఓరుగల్లు పలుకుబడి వినిపిస్తే జనం సంతోషించడంలో తప్పేముంది?

హరిహరదేవుడు, మురారిదేవుడు. రుద్రమ మీద కుట్ర చేసినవాళ్ళుగా చూపించారు. వీళ్ళు సవతి తమ్ముళ్ళన్న కథకు మూలం ప్రతాపచరిత్ర. ఏ శాసనంలోనూ ఈ ఇద్దరి పేర్లూ లేవు. గణపతిదేవునికి మగపిల్లలు లేనందువల్లే కూతురికి రాజ్యం వచ్చిందన్నది చరిత్రకారుల లెక్క. సినిమావాళ్ళు అబద్ధం పుట్టించారని అనలేం, అయిదు వందల ఏళ్ళ నుంచి ఉన్న కథనే తీసుకున్నారు. కానీ ఆడమనిషి పాలనకు ఎదురు తిరిగినవాళ్ళు అసలే లేరనుకోవద్దు. శాసనాల్లో గట్టిగా కనిపించే తిరుగుబాటుదారు, కాకతీయుల సామంతుడైన కాయస్థ అంబదేవుడు. త్రిపురాంతకంలో 1290 నాటి శాసనంలో తన విజయాలన్నీ ఏకరువు పెట్టుకున్నాడు. సినిమాకు నిజమైన ప్రతినాయకుడు కావాలంటే శాసనాల్లోనే సిద్ధంగా ఉన్నాడు.

మగవేషం. చిన్ననాటి నుంచి కొడుకని లోకాన్ని నమ్మించి పెంచారన్నది కథకు ఆయువుపట్టు. శాసనాల్లో ఆమెను "రుద్రదేవ మహారాజు" అని మగపేరుతో చెప్పిన మాట వాస్తవం. అయితే జనాన్ని మోసం చేశారని మాత్రం ఎక్కడా లేదు. 1261 నాటి మల్కాపురం శాసనంలో ఆమె గణపతిదేవుని కూతురని స్పష్టంగానే ఉంది. అప్పటికి ఆమె పూర్తి పట్టం ఎక్కలేదు కూడా. గుంటూరు దిక్కు రాతి మీద బహిరంగంగా చెక్కించిన సంగతి ఓరుగల్లు ప్రజలకు తెలియకుండా ఉంటుందా? మగపేరు సింహాసనానికి తగ్గ మర్యాద అని చాలామంది పరిశోధకులు అంటారు. నేనూ ఆ మాటే నమ్ముతాను. రహస్యం, అది బయటపడే ఘట్టం సినిమా నాటకీయత.

మార్కో పోలోను ఇక్కడ చాలామంది సాక్ష్యం తెస్తారు. మోటుపల్లి రేవు రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలిందని రాశాడు, బాగుంది. కానీ ఆమెను భర్త పోయిన రాణి అన్నాడు, తండ్రి నుంచి రాజ్యం పొందిన కూతురు అనలేదు. విదేశీయుడు రాశాడు కాబట్టి నిజం అనుకోకూడదు. ఓడరేవులో విన్నమాట అది. పాలన బాగుందన్న సాక్ష్యంగా పనికొస్తుంది, చుట్టరికానికి పనికిరాదు.

ఇక దేవగిరి యుద్ధం. చారిత్రక సినిమా చూసేవాళ్ళు దీన్ని ఒక్కసారి జాగ్రత్తగా అర్థం చేసుకుంటే చాలు, మిగతా సినిమాలన్నిటికీ పనికొస్తుంది. ప్రతాపచరిత్ర ప్రకారం రుద్రమ యాదవ మహదేవుణ్ణి తరిమికొట్టి, దేవగిరి దాకా వెంటబడి, కోట్ల ధనం కప్పంగా తెచ్చింది. మహదేవుని కొలువులో ఉన్న హేమాద్రి మాత్రం తన రాజు తెలింగ రాజ్యపు ఏనుగుల్ని, వాద్యాల్ని గెలుచుకున్నాడని, ఏలేది ఆడమనిషి కాబట్టి చంపకుండా వదిలాడని పొగిడాడు. ఒకే యుద్ధంలో ఇద్దరూ గెలిచారు! మరి ఎవరి మాట వినాలి? ఇక్కడ మూడో సాక్ష్యం వెతకాలి. బీదరు కోటలో దొరికిన శాసన శకలంలో రుద్రమ సామంతుడు, సింద వంశపు భైరవుడు, ఆమె బిరుదులు చెప్పుకున్నాడు. బీదరు అప్పటికి యాదవుల సీమ. ఓడిపోయినవాళ్ళ సామంతుడు శత్రువు సీమలో తన ఏలిక బిరుదులు చెక్కించగలడా? కాబట్టి కాకతీయుల వైపు మొగ్గు చూపవచ్చు. కోట్ల కప్పం మాత్రం కథగానే ఉంచాలి. ఆస్థాన కవి రాసినా, శాసనం చెక్కించినా, పొగడ్త పొగడ్తే. రాతి మీద ఉంది కాబట్టి అక్షరాలా నిజమని అనుకోరాదు. ఎవరు, ఎప్పుడు, ఎవరి ఖర్చుతో చెక్కించారో చూడాలి.

రాయగజకేసరి అన్న బిరుదు తండ్రి నుంచి ఆమెకు వచ్చింది. ఖిలా వరంగల్‌లో సింహం మీద కూర్చుని కత్తి, డాలు పట్టిన స్త్రీ శిల్పాన్ని ఆ బిరుదుకు రూపంగా పరిశోధకులు చెప్తారు. కోట చూడబోయినప్పుడు తోరణాల దగ్గర ఫొటో దిగి వెనక్కి రాకుండా పక్కన పేర్చిన శిల్పాల వరుసలు కూడా నిదానంగా చూడండి.

ఆమె మరణం. దీని మీద మన దగ్గర అతి విలువైన ఆధారం నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం. పువ్వుల ముమ్మడి అనే బంటు సోమనాథ దేవునికి భూమి ఇస్తూ, రుద్రమదేవి, ఆమె సేనాపతి మల్లికార్జున నాయకుడు శివలోకం చేరిన సంగతి చెక్కించాడు. సేనాపతితో కలిపి చెప్పాడు కాబట్టి యుద్ధంలోనే పోయిందని, ఆ యుద్ధం అంబదేవునితోనేనని పండితులు ఊహించారు. ఊహ బలమైనదే, కానీ అంబదేవుని పేరు ఆ శాసనంలో లేదు. "అంబదేవుడు చంపాడని శాసనంలో ఉంది" అని వీడియోల్లో చెప్పేవాళ్ళు రాతి మీద లేని వాక్యాన్ని చదువుతున్నారు. మరో సంగతి కూడా గమనించండి. 1289 నాటికి మనవడు ప్రతాపరుద్రుడు యుద్ధాలు నడిపే వయసువాడు. అంటే రుద్రమకు అప్పటికి అరవై దాటి ఉండాలి. తెర మీద ఎప్పుడూ పాతికేళ్ళ వీరనారినే చూస్తాం. ఆ వయసులో దండుతో కదిలిన రాణిని ఎవరైనా చూపిస్తే ఎంత బాగుండు.

తేదీలు మీరే సరిచూసుకోవచ్చు, పెద్ద చదువు అక్కర్లేదు. శాసనంలో శక సంవత్సరం ఉంటుంది. దానికి 78 కలపండి. మాఘ, ఫాల్గుణాలైతే 79. పుష్యమాసం జనవరి ఒకటికి అటూ ఇటూ పడుతుంది కాబట్టి తిథి చూసుకోవాలి. వేయిస్తంభాల గుడి శాసనం శక 1084, చిత్రభాను సంవత్సరం, మాఘమాసం. 78 కలిపితే 1162 వస్తుంది, కానీ మాఘం కాబట్టి 1163 జనవరి. పుస్తకాల్లో ఒకచోట 1162, ఒకచోట 1163 కనిపించేది ఇందుకే. రామప్ప శాసనం శక 1135, శ్రీముఖ, చైత్రం. 78 కలిపితే 1213, సరిపోయింది. సంవత్సరం పేరుతో రెండో తనిఖీ చేయండి. మన కాలంలో శ్రీముఖ 1993లో వచ్చింది. దాంట్లో నుంచి 60 చొప్పున వెనక్కి వెళ్తే పదమూడో మెట్టు దగ్గర 1213 తగలాలి, తగులుతుంది. చందుపట్ల శాసనం శక 1211, విరోధి. విరోధి 2009లో వచ్చింది. పన్నెండు అరవైలు తీసేస్తే 1289. పేరు, అంకె కలవకపోతే ఎవరో తప్పు చదివారన్నమాట, లేదా చెక్కినవాడు పొరబడ్డాడు. జిల్లాలవారీగా అచ్చయిన శాసన సంపుటాలు వరంగల్‌కు, కరీంనగర్‌కు రెండింటికీ ఉన్నాయి. పెద్ద గ్రంథాలయాల్లో అడగండి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు కాకతీయుల మీద రాసింది చదివితే సగం దారి నడిచినట్టే.

ఇక ఎవరూ పట్టించుకోని తప్పుల దగ్గరికి వద్దాం. జనం డైలాగుల మీద కొట్టుకుంటారు గానీ వెనకాల ఉన్న గోడ, పళ్ళెంలో కూర, మెడలో దండ చూడరు. నన్నడిగితే కాలం తెలిపేవి అవే.

కోట సంగతి చూడండి. సినిమాల్లో ఏనుగులు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి ఎదురుగా ఉన్న తలుపును గుద్దుతాయి. ఓరుగల్లు రాతికోటలో అది కుదరదు. నాలుగు దిక్కుల ద్వారాలూ మెలిక తిరిగి ఉంటాయి. బయటి నుంచి వచ్చినవాడు గోడను ఆనుకుని అడ్డంగా తిరిగి, మళ్ళీ తిరిగితేనే లోపలికి చేరతాడు. ఏనుగుకు వేగం పుంజుకునే చోటే ఉండదు, తిరిగే ప్రతి మలుపులోనూ పైనున్న బురుజుల వాళ్ళకు పక్క భాగం అప్పజెప్తుంది. రాతిగోడకు 45 బురుజులు, దాని చుట్టూ అగడ్త, ఆ అవతల మట్టికోట. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడ మీద విసిరిన రాళ్ళు ఎగిరి వెనక్కి పడేవని రాశాడు. రాతిగోడ పగలొచ్చు, తడిపి దిమ్మిస కొట్టిన మట్టికట్ట దెబ్బను మింగేస్తుంది. సినిమాలో ఒక్క దెబ్బకు గోడ కూలి దుమ్ము లేస్తే అది తెర కోసం కట్టిన గోడే.

కమానులు, గుమ్మటాలు కనబడితే ఆగండి. కాకతీయుల కట్టడం స్తంభం మీద దూలం పెట్టే పద్ధతి. కీర్తితోరణాలు చూడండి, ఎక్కడా కమాను లేదు. కోటలోని ఖుష్ మహల్‌ను చూసి "ఇదే రుద్రమ దర్బారు" అనుకునేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఆ వాలు గోడలు, పెద్ద కమానులు 1323లో కోట ఢిల్లీ చేతికి పోయాక వచ్చిన తీరు.

తిండి, పూలు. మిరప, టమాట, ఆలుగడ్డ, మక్కజొన్న, పల్లీ, బొప్పాయి, జామ, పొగాకు ఇవన్నీ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ రాక తర్వాత, అంటే 1500 దాటాకే మన నేలకు వచ్చాయి. ఏనుమాముల మార్కెట్‌లో ఎర్రటి మిర్చి రాసులు చూసి పెరిగిన మనకు నమ్మబుద్ధి కాదు గానీ గణపతిదేవుని వంటింట్లో కారం అంటే మిరియాలే. బంతిపువ్వు కూడా అంతే. రాజుగారి ఊరేగింపు మీద బంతిపూలు కురిపించారంటే అక్కడ కనీసం రెండు వందల ఏళ్ళు ముందుకు దూకారు. బతుకమ్మలో పేర్చే తంగేడు మన నేలదే, బంతి తర్వాత చేరింది. 13వ శతాబ్దపు సీనుకు తంగేడు, తామర, మల్లె, సంపెంగ వాడితే ఖర్చు పెరగదు, తప్పూ పోతుంది.

ఫిరంగులు, తుపాకిమందు కాకతీయుల కాలంలో లేవు. రాళ్ళు విసిరే యంత్రాలు ఉన్నాయి. గుర్రాలు మంచివి సముద్రం మీద వచ్చేవి. మోటుపల్లిలో గణపతిదేవుడు ఓడ వర్తకులకు ఇచ్చిన అభయశాసనం 1244 నాటిది. వేలాది ఒకేరకం గుర్రాల దండు ఆనాడు ఎంతో ఖరీదైన వ్యవహారం. యోధుల వేషానికి మన ఊళ్ళలో నిలబడి ఉన్న వీరగల్లులే, అంటే పోరులో పడిన వీరుల గుర్తుగా చెక్కిన రాళ్ళే కొలత: బిగించి కట్టిన పంచె, చేతిలో కత్తి, డాలు. ఆడవాళ్ళ నగలకు, కొప్పులకు, పాదరక్షలకు రామప్ప మదనికలు కొలత. బట్టల విషయంలో మాత్రం శిల్పాన్ని ఉన్నదున్నట్టు తెర మీద పెట్టలేరు. ఆ మార్పును నేను తప్పుగా లెక్కించను. రాజముద్ర వరాహం ఉండాలి. తాటాకు మీద లేఖ చూపిస్తే ఈనాటి అచ్చు అక్షరాలు ఉండకూడదు. అప్పటికి తెలుగు, కన్నడ లిపులు ఇంకా దాదాపు ఒక్కటిగానే ఉన్నాయి. మాటల నడుమ ఖాళీ కూడా వదిలేవారు కాదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. "సినిమాను సినిమాలాగా చూడు" అన్న మాట కొంతవరకు సబబే. పదేళ్ళ కథను రెండున్నర గంటల్లో చెప్పాలంటే ఇద్దరు మనుషుల్ని ఒకరిని చేస్తారు, మాటలు కల్పిస్తారు, రెండు యుద్ధాల్ని కలుపుతారు. దీన్ని ఎవరూ ఆపలేరు, ఆపనక్కర్లేదు. కానీ బతికున్న సమాజానికి ముఖం ఇచ్చే చోట, ఒకరిని ద్రోహిగానో క్రూరునిగానో చూపే చోట ఆ మాట చెల్లదు. అక్కడ ఆధారం అడిగే హక్కు చూసేవాళ్ళకు ఉంది.

కొమురం భీం విషయమే తీసుకోండి. 2020 అక్టోబర్‌లో ఆర్.ఆర్.ఆర్. సినిమా టీజర్‌లో భీం పాత్ర ముస్లిం టోపీతో కనిపించగానే ఆదిలాబాద్ ఆదివాసీ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. సినిమా 2022లో వచ్చాక అది కథలో భాగంగా వేసిన మారువేషం అని తెలిసింది. తొందరపడ్డారని కొందరు అన్నారు. నేనట్లా అనను. జోడేఘాట్‌లో ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి భీం వర్ధంతి జరుపుకునే జనం వాళ్ళు. నిజాం పోలీసుల తూటాలకు 1940లో నేలకొరిగిన మనిషి వాళ్ళకు పాత్ర కాదు, పెద్ద. ఆ సినిమా తాను కల్పన అని ముందే చెప్పింది. అల్లూరి 1924లోనే చనిపోయాడు, ఇద్దరూ కలిసినట్టు ఎక్కడా ఆధారం లేదు. కల్పన అని చెప్పాక తేదీల తప్పులు వెతకడం వృథా. కానీ మా మనిషిని ఎట్లా చూపిస్తున్నారని అడగడం వృథా కాదు.

చిత్తోడు రాణి పద్మిని మీద తీసిన 'పద్మావత్' సినిమా గొడవలో ఇంకో పాఠం ఉంది. 1303 చిత్తోడు ముట్టడిలో ఖుస్రో స్వయంగా ఉన్నాడు, పద్మిని ఊసెత్తలేదు. ఆమె కథ చెప్పిన జాయసీ కావ్యం 1540 నాటిది. రెంటికీ నడుమ 237 ఏళ్ళు. కావ్యంలోని పాత్ర కోసం 2018 దాకా వీధుల్లో కొట్టుకున్నారు. సినిమా పేరు మారింది, రాష్ట్రాల నిషేధాల్ని సుప్రీంకోర్టు ఆపింది. అదే 1303లో చిత్తోడును ముట్టడించిన ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ ఇంకో దండును బెంగాల్ దారిలో ఓరుగల్లు మీదికి పంపాడు. అది మన కరీంనగర్ వైపు ఉప్పరపల్లి దగ్గర దెబ్బతిని వెనుదిరిగిందని వెలుగోటివారి వంశావళిని బట్టి చరిత్రకారులు చెప్తారు. దాని మీద సినిమా లేదు కాబట్టి మన పిల్లలకు ఆ ఊరు పేరే తెలియదు.

సెన్సారు సర్టిఫికెట్ గురించి కూడా అడిగారు. అది ప్రదర్శనకు అనుమతి, చరిత్రకు ధ్రువపత్రం కాదు. మొదట్లో వేసే "ఇది కల్పితం" అనే కార్డు సంగతీ అంతే. అది చట్టం నుంచి కాచుకోవడానికి, మనకు సమాచారం ఇవ్వడానికి కాదు.

ఒక హెచ్చరిక. ఈ శాసనాల గీటురాయిని అన్నిటికీ పెట్టకండి. మేడారం సమ్మక్క-సారలమ్మ కథకు కాకతీయుల శాసనాల్లో ఆధారం లేదు. అందుకని అది అబద్ధం కాదు. కోయ పూజారులు తరతరాలుగా మోసుకొచ్చిన జ్ఞాపకం అది. కప్పం కట్టలేని కరువులో రాజు దండెత్తి వచ్చిన కథ. రాజు రాయించిన రాతిలో ఆ కథ ఎందుకు ఉంటుంది? సర్వాయి పాపన్నదీ అదే తీరు. మొగలుల చరిత్రకారుడు ఖాఫీఖాన్‌కు అతను దోపిడీదారు. జనగామ దిక్కు పాడే కథలో వీరుడు. అతను 1708లో ఓరుగల్లు మీద పడ్డాడు, 1710లో హతమయ్యాడు. తేదీ కావాలంటే ఖాఫీఖాన్ దగ్గరికి, జనం అతని వెంట ఎందుకు నడిచారో కావాలంటే పాటల దగ్గరికి వెళ్ళాలి.

శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి మీద తీసిన సినిమా గురించి కరీంనగర్ వాళ్ళ ఫిర్యాదు "మా కోటిలింగాల ఏది?" అని. న్యాయమైన ప్రశ్న. గోదావరి ఒడ్డున అక్కడ శ్రీముఖుని నాణేలు దొరికాయి. తొలి శాతవాహనుల పాలన ఇక్కడ ఉందనడానికి అది గట్టి ఆధారం. "మొదటి రాజధాని" అనడానికి మాత్రం ఇంకా కావాలి. గౌతమీపుత్రుని గొప్పలు మనకు తెలిసేది తల్లి బాలశ్రీ నాసిక్ గుహలో వేయించిన శాసనంతో, అది కొడుకును తలచుకుని తల్లి చేసిన పొగడ్త. దానికి తోడు నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో అతని శత్రువు, క్షత్రప రాజు నహపాణుని వెండి నాణేలు 13 వేలకు పైగా దొరికితే, వాటిలో 9 వేలకు పైగా శాతకర్ణి తన ముద్ర మళ్ళీ కొట్టించినవి. నహపాణుడి మీద గెలుపు నిజమేననడానికి తల్లి మాట కంటే ఆ నాణేలు పెద్ద సాక్ష్యం.

నాకు బాధ కలిగించేది తప్పుల కంటే లోపం. ఇన్ని సినిమాల్లో ఒక్క చెరువు కనబడదు. పాకాల, రామప్ప, లక్నవరం, గణపురం. ఈ రోజుకీ వాటి కింద వరి పండుతున్నది. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు తవ్వించింది గణపతిదేవుని సోదరి మైలాంబ. ఆ కట్ట మీది శాసనం కాకతీయుల వంశవృక్షానికే ముఖ్య ఆధారం. ఆ ఇంటి ఆడవాళ్ళలో రుద్రమ ఒక్కతే గొప్పది కాదని చెప్పే రాయి అది. "గుర్రం మీద సీను తప్పు" అని అడిగే ప్రేక్షకుడు "చెరువేది?" అని కూడా అడగాలి.

ఇంట్లో మళ్ళీ చర్చ వస్తే "అంతా తప్పు" అనకండి. ఫలానా సీను, అందులో చూపింది ఇది, దీనికి మూలం ప్రతాపచరిత్ర లేదా నవల, శాసనంలో ఉన్నది ఇది అని ఒక్కొక్కటిగా చెప్పండి. మూలం దొరకని చోట "దొరకలేదు" అనండి, "జరగలేదు" అనకండి. మీ ఇంట్లో ఏ సీన్ల మీద వాదన జరిగిందో ఇక్కడ రాయండి, శాసనం ఉన్నవాటికి ఊరు పేరు, శక సంవత్సరంతో సహా కింద రాస్తాను.